పల్లెపాట రేడియోకెక్కిన కథ



పల్లెపాటకును రేడియోకును గల సంబంధమును గూర్చి నేడు మీకు కొంత చరిత్ర మనవి చేయదలచితిని. పాటల చరిత్ర యనగానే మహావాగ్గేయకారుల చరిత్రయని తలంచుట మనకు వాడుక. రేడియో చరిత్ర యనగానే యంత్రముల చరిత్రయని తలంచుటయు అట్టిదే. నేను చెప్పబోవునది ఈ రెండును గాదు. నాటు వేయు మడిలోను, ఇసుర్రాతి యొద్దను, బతుకమ్మ చుట్టును, మల్లన్న పట్నము ఎదుటను పుట్టి పెరిగిన పాట గాలిలో ఎగిరి దూరగ్రామములకు చేరుటకు ఎంత కాలము పట్టెనో, ఎవరి యనుమతి కావలసి వచ్చెనో, చేరిన పిదప అది యేమి పొందెనో, ఏమి కోల్పోయెనో, అదియే నేటి విషయము.

నేను మల్కాజ్‌గిరి నివాసిని. సికింద్రాబాదు దండు సమీపమున ఒకప్పుడు పల్లెగా నుండిన మా ఊరు, రైలుమార్గము వచ్చిన పిదప క్రమముగా పెరిగి, పురపాలకసంఘమై, 2007 లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. 2016 లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాకు తన పేరును గూడ ఇచ్చినది. చేలుండిన చోట మేడలు లేచినవి. నాటు లేనిచోట నాటుపాట యెక్కడిది? ఆషాఢమున బోనములనాటి డప్పుమోతయు, మహాలయ అమావాస్య మొదలు బతుకమ్మ చుట్టు వినవచ్చు చప్పట్ల లయయు మాత్రము ఇంకను నిలిచియున్నవి. పల్లె పట్టణమైన చోట నివసించువానికి పాట యెట్లు జారిపోవునో వేఱొకరు చెప్పనక్కఱలేదు. అందుచేతనే ఈ విషయమును ఎన్నుకొంటిని.

మొదట మన దక్షిణదేశమున ప్రసారము ఎట్లు పుట్టినదో చూతము. 1924 లో చెన్నపట్టణమున సి. వి. కృష్ణస్వామి చెట్టి గారును వారి మిత్రులును కూడి ఒక రేడియో క్లబ్బును స్థాపించి, ఆ యేటి జూలై నెలాఖరున ప్రసారములు ఆరంభించిరి. ధనము చాలక 1927 లో ఆ యత్నము ఆగిపోయెను. 1930 నుండి చెన్నపట్టణపు కార్పొరేషను వారు ఆ పనిని చేపట్టిరి. ఈ నడుమ 1927 లో ఒక కంపెనీ వారు బొంబాయిలోను కలకత్తాలోను నిలయములు నెలకొల్పి, మూడేండ్లు గడువకమునుపే చేతులెత్తివేసిరి. అంతట ప్రభుత్వమే ఆ పనిని స్వీకరించెను. 1936 జూన్ నెలలో దానికి ఆలిండియా రేడియో యను నామము వచ్చెను. ‘ఆకాశవాణి’ యను అందమైన పేరు మైసూరులో 1935 లో ఆచార్య గోపాలస్వామి గారు స్థాపించిన నిలయమునకు చెందినది. తరువాతి కాలమున దేశమంతయు దానిని గ్రహించినది. 1938 జూన్ 16 వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు నిలయము ప్రారంభమయ్యెను. కోస్తా జిల్లాల తెలుగువారు పదేండ్లపాటు తెలుగు పలుకు కొఱకు ఆ చెన్నపట్టణము వైపే చెవియొగ్గి యుండవలసివచ్చెను. 1948 డిసెంబరు 1 వ తేదీన విజయవాడ నిలయము వెలసిన పిదపగాని వారికి సొంత గొంతు చిక్కలేదు.

ఇచ్చట ఒక చిన్న లెక్కను మీరు మనస్సున నుంచుకొనవలెను. బ్రిటిషు ఇండియాలో రేడియో పెట్టె గలవాడు ఏటికి 10 రూపాయలు లైసెన్సు రుసుము చెల్లించవలసి యుండెను. నాటి పల్లెటూరి కూలివానికి అది అనేక దినముల కష్టార్జితము. పెట్టె ధర యన్ననో చెప్పనేల! కావున రేడియో మొదట జమీందారుల ఇండ్లలోను, వకీళ్ల ఇండ్లలోను, ఉద్యోగుల ఇండ్లలోను నెలకొన్నది. రుసుము చెల్లించువాని చెవికి ఇంపైన పాటయే నిలయమువారికి ముఖ్యమయ్యెను. పల్లెపాట రేడియోకు దూరమగుటకు ఎవరి దుర్మార్గమునో వెదుకనక్కఱలేదు. వినువాడెవడో నిర్ణయమైన నాడే పాడువాడును నిర్ణయమయ్యెను.

ఇక మన హైదరాబాదు సంగతి. ఇచ్చట రేడియో తొలుత ఒక వ్యక్తి ఉత్సాహము వలన పుట్టినది. తపాలాశాఖకు చెందిన మహబూబ్ అలీ గారు 1933 ప్రాంతమున చిరాగలీ సందులోని తమ స్థలమునుండి 200 వాట్ల చిన్న యంత్రముతో ప్రసారములు ఆరంభించిరి. 200 వాట్లనగా ఎంత? మీ ఇండ్లలో పూర్వము వెలిగిన నూఱు వాట్ల దీపములు రెండింటికి వలయునంత శక్తి మాత్రమే. 1935 ఫిబ్రవరి నెలలో నిజాము ప్రభుత్వము ఆ నిలయమును తన అధీనమునకు దెచ్చుకొనెను. 1939 లో సరూర్‌నగరమున 5 కిలోవాట్ల, అనగా 5,000 వాట్ల, ప్రసారయంత్రము స్థాపితమయ్యెను. ఇదియే దక్కన్ రేడియో. దీనికి ఔరంగాబాదున గూడ ఒక నిలయముండెను.

ఈ దక్కన్ రేడియోలో అగ్రస్థానము ఉర్దూభాషది. ఉర్దూ గజలులు, కవిగోష్ఠులు, నాటకములు, ప్రసంగములు అందు శోభించెను. వానిలో ఉత్తమమైనవి అనేకము గలవు. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకును కొంత వేళ కేటాయించిరి. కాని సంస్థానపు ప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారని తలచినప్పుడు ఆ వేళ యెంత స్వల్పమో మనకు బోధపడును.

నాటి తెలుగుభాష స్థితిని గూడ జ్ఞాపకము చేసికొనవలెను. 1921 నవంబరు నెలలో హైదరాబాదున కర్వే పండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారను న్యాయవాది తెలుగున మాటలాడబూనగా, సభలోనివారు కేకలు వేసి ఎగతాళి చేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. 1926 లో సురవరము ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1930 లో జోగిపేటలో ప్రథమ ఆంధ్రమహాసభ వారి అధ్యక్షతనే జరిగెను. చదువుకొన్న వకీలు నోటనే తెలుగు నవ్వులపాలైన నగరములో, చదువురాని కూలిదాని నోటి తెలుగుపాటకు ఏమి గౌరవము దక్కును? దక్కన్ రేడియో కాలమున పల్లెపాట రెండు విధముల పేదది. భాషచేత నొకటి, పాడువారి కులవృత్తుల చేత నొకటి.

భాషను, హోదాను అటుంచి, రేడియో పద్ధతిలోనే పల్లెపాటకు సరిపడని విషయములు కొన్ని గలవు. ఒగ్గుకథను తీసికొనుడు. మల్లన్న కథయో బీరప్ప కథయో ఆరంభించిన ఒగ్గువారు రాత్రియంతయు చెప్పుదురు. కొన్ని కథలు దినముల తరబడి సాగును. రేడియో నిలయమున దానికి దొరకునది పావుగంటయో అరగంటయో. ఒగ్గువాడు ఎదుటనున్న జనుల ముఖములు చూచి కథను పెంచును, తగ్గించును, నవ్వించును. నిలయమున అతని ఎదుట నుండునది మైకు మాత్రమే. అతని డోలు ఆరుబయట క్రోసెడు దూరము వినవచ్చుటకై పుట్టినది. నాలుగు గోడల నడుమ దానిని మ్రోగించినచో మాట మునిగిపోవును. బతుకమ్మ పాటయు అట్టిదే. ఒకామె చరణము నెత్తుకొనును, తక్కినవారు పల్లవినందుకొని చప్పట్లు చఱచుచు తిరుగుదురు. పాదములకు కదలిక లేనిచో పాటకు ఊపిరి లేదు. పల్లెవారి పాటలో పాడువారు వేఱు, వినువారు వేఱు అను భేదము తక్కువ. రేడియోలో ఆ భేదమే మూలము.

దీనికి తోడు నిలయములవారి నిషేధములు. భజనమందిరములలోను, వీథినాటకముల రంగస్థలములమీదను విరివిగా వాడుకలోనున్న హార్మోనియమును 1940 మార్చి నెలనుండి ఆలిండియా రేడియోవారు నిషేధించిరి. మన సంగీతమునందలి గమకములు, శ్రుతిభేదములు ఆ వాద్యమున పలుకవని వారి వాదము. శాస్త్రదృష్టితో ఆ వాదమునకు బలము గలదు. కాని ఆ నిషేధము 1971 వఱకు సాగుటచేత, హార్మోనియమునే నమ్ముకొన్న పల్లెటూరి భజనబృందముల ముందు ముప్పదియేండ్లు ఒక తలుపు మూసికొనియుండెనని గూడ చెప్పవలెను. 1952 లో సమాచారశాఖ మంత్రియైన కేస్కరు గారు శాస్త్రీయసంగీతమునకు అగ్రపీఠము వేసి, గాయకులను పరీక్షించి తరగతులుగా విభజించు పద్ధతిని కట్టుదిట్టము చేసిరి. శాస్త్రీయసంగీతమునకు అది మేలే చేసినది. కాని పరీక్ష యను మాట వినగానే వెనుదిరుగు పల్లెగాయకుల సంగతి వేఱు.

ఈ విషయమున ఇతర దేశములవారి అనుభవము ఎట్టిదో తెలిసికొనుట మంచిది. అమెరికాలో పల్లెపాట రేడియోకు ఎక్కుటకు ఇంతకాలము పట్టలేదు. 1923 లోనే టెక్సాసు రాష్ట్రపు ఫోర్ట్‌వర్త్ పట్టణమున ఒక నిలయము రైతుల ఆటపాటలను ప్రసారము చేసెను. 1924 లో చికాగో నగరపు నిలయము ఒకటి ప్రతి శనివారము రాత్రి పల్లెటూరి గానసభను ప్రసారము చేయసాగెను. ఆ నిలయమునకు యజమాని నాగళ్లు మొదలు బట్టల వఱకు తపాలాలో రైతులకు అమ్ము గొప్ప వర్తకసంస్థ. 1925 నవంబరు 28 వ తేదీన టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమున, జిమ్మీ థాంప్సన్ అను 77 ఏండ్ల వృద్ధుడు ఫిడేలు పట్టుకొని మైకు ముందు కూర్చుండి ఒక గంటసేపు వాయించెను. శ్రోతలనుండి వచ్చిన ఆదరణ చూచి నిలయాధికారి జార్జి హే గారు దానిని వారము వారము జరుగు సభగా మార్చిరి. అదియే కాలక్రమమున గ్రాండ్ ఓల్ ఆప్రీ యను పేరిట జగత్ప్రసిద్ధమయ్యెను. ఆ నిలయమునకు యజమాని ఒక బీమా కంపెనీ. పల్లెటూరివారు పాట వినుటకు చేరిన చోట పాలసీలు అమ్ముట సులభమని ఆ కంపెనీ గ్రహించినది.

ఆ నగరపు పెద్దమనుష్యులు తమ ఊరికి ఈ మోటుపాటల వలన అపకీర్తి వచ్చునని తొలుత ముఖము చిట్లించిరి. అయినను వ్యాపారము గెలిచినది, పాట నిలిచినది. కాని అందును ఒక చిక్కు గలదు. మంచి కోటులు ధరించి వచ్చిన వాయిద్యగాండ్రకు పాతబట్టలు తొడిగించి, వారి బృందములకు మోటైన పేర్లు పెట్టి, నగరవాసులు ఊహించుకొన్న పల్లెటూరివారిగా వారిని చూపించిరి. బానిసల వంశమున పుట్టిన డిఫోర్డ్ బెయిలీ యను నల్లజాతి కళాకారుడు నోటివాద్యముతో ఆ సభకు మొదటి దినములలో ఎంతో పేరు దెచ్చెను. 1941 లో అతనిని తొలగించిరి. ఆ సంగీతపు కీర్తిమందిరమున అతని పేరు చేర్చుటకు 2005 వ సంవత్సరము రావలసి వచ్చెను. అప్పటికి అతడు గతించి ఇరువదియేండ్లు దాటెను. పల్లెపాటను గౌరవించుట వేఱు, పల్లెవానిని గౌరవించుట వేఱు అని ఈ కథవలన మనము నేర్చుకొనవలెను.

మరల మన దేశమునకు వత్తము. దక్కన్ రేడియో ప్రభువుల పలుకు పలుకుచున్న కాలమున తెలంగాణపు పల్లెలలో పాట మౌనముగా లేదు. 1946 మొదలు 1951 వఱకు సాగిన రైతుపోరాటమున సుద్దాల హనుమంతు గారి వంటివారు గొల్లసుద్దులను, కోలాటపు బాణీలను గ్రహించి క్రొత్త పాటలు కట్టిరి. కోస్తా జిల్లాలలో షేక్ నాజర్ గారు బుఱ్ఱకథకు క్రొత్త జీవము పోసిరి. ఆ పాటలకు స్తంభము లేదు, యంత్రము లేదు, లైసెన్సు లేదు. ఒక నోటినుండి మఱియొక నోటికి, ఒక ఊరినుండి మఱియొక ఊరికి నడచిపోయెను. 1948 సెప్టెంబరు 17 వ తేదీన నిజాము ప్రభువు తన సైన్యము పోరు విరమించినదని దక్కన్ రేడియోలో స్వయముగా ప్రకటించెను. ఒక రాజ్యపు అంతము రేడియోలో వినబడిన దినమది. కాని ఆ రాజ్యపు పల్లెల పాట మాత్రము అప్పటికి రేడియోలో చక్కగా వినబడియుండలేదు.

1950 ఏప్రిల్ 1 వ తేదీన దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో విలీనమై హైదరాబాదు నిలయమయ్యెను. అప్పటినుండి మెల్లమెల్లగా మార్పు కనబడెను. అంతకుమునుపే మద్రాసు నిలయమునుండి వింజమూరి అనసూయ, సీత అను సోదరీమణులు తెలుగు జానపదగేయములను పాడి, సభలయందు ఆ పాటలకు మర్యాద కల్పించిరి. కాకినాడయందు 1920 లో జన్మించిన అనసూయాదేవి గారు పల్లెలలో విన్న బాణీలను స్వరపఱచి గ్రంథములుగా వెలువరించి, 2019 లో అమెరికా దేశమున హ్యూస్టను నగరమున దివంగతులైరి. సీతాదేవి గారు హైదరాబాదు ఆకాశవాణి నిలయమున జానపదసంగీత ప్రయోక్తగా పనిచేసిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపదగేయ సాహిత్యముపై పరిశోధన చేసి డాక్టరేటు పట్టము పొందిరి. పండితుడు పల్లెపాటను కాగితముమీదకు దెచ్చెను. గాయని వేదికమీదకు దెచ్చెను. రేడియో ఇంటింటికి దెచ్చెను. ఈ ముగ్గురి కృషి లేనిచో మనలో అనేకులకు పొరుగు జిల్లా పాట యేదో తెలిసియుండదు.

గ్రామములకు రేడియో చేసిన మేలు పాటలతో ముగియలేదు. 1956 లో పూనా పరిసరములయందు సుమారు నూటయేబది గ్రామములలో గ్రామస్థులు గుంపులుగా కూడి, రేడియో విని, విన్నదానిని చర్చించి, తమ ప్రశ్నలను నిలయమునకు వ్రాసి పంపు పద్ధతిని పరీక్షించి చూచిరి. అది ఫలించుటచే 1959 నుండి దేశమున ఇతర ప్రాంతములకును వ్యాపించెను. తంజావూరు మండలమున రేడియోలో విని రైతులు నాటిన ఒక క్రొత్తరకపు వరికి ‘రేడియో వరి’ యనియే పేరు నిలిచిపోయెను. పంచాయతీ కార్యాలయము ముందు రావిచెట్టు క్రింద సాయంకాలము రేడియో వినిన తరమువారు మీలో అనేకులు గలరు. వ్యవసాయపు మాటల నడుమ వచ్చు జానపదగేయమునకై స్త్రీలు గుమ్మములయొద్ద నిలిచి చెవియొగ్గిన దినములు మీకు జ్ఞాపకముండును.

ఇంత మేలు జరిగినను ఒక నష్టము గూడ జరిగినది. రేడియోలో పల్లెపాట శిక్షణ పొందిన కంఠములతో, వేణువు, వీణ, తబలాల తోడ, నాలుగైదు నిమిషములకు కుదించుకొని వచ్చెను. మాటలలోని యాస కొంత నున్ననయ్యెను. అశ్లీలమని, అనుచితమని తోచినవి తొలగెను. వినువారికి అది తీపిగా తోచెను. కాని ఆ తీపియే పల్లెలోని పాటగత్తెకు ఒక విధమైన సిగ్గును నేర్పెను. రేడియోలో అంత చక్కగా పాడుచుండగా నా బొంగురుగొంతు ఎవరికి కావలెనని ఆమె తలంచెను. ఒకప్పుడు ఊరంతయు పాడినది. తరువాత ఊరంతయు వినినది. పాడు నోరు విను చెవిగా మాఱుట చిన్న మార్పు కాదు. 1957 లో వివిధభారతి యారంభమై సినిమాపాటలు విరివిగా వినవచ్చిన పిదప ఈ మార్పు మఱింత వేగిరమయ్యెను. ట్రాక్టరు వచ్చినది, పిండిమర వచ్చినది, నాటు యంత్రము వచ్చినది. పనితో పుట్టిన పాట పనితోడనే పోయినది. రేడియో ఒక్కదానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. కాని రేడియోకు ఇందు భాగము లేదనుటయు సత్యము కాదు.

ఈ చిక్కును విప్పుటకు దారి చూపిన సంఘటన విచిత్రమైనది. అది క్రికెట్టు ఆటవలన వచ్చెను. బెంగాలు క్రికెట్టు సంఘమువారికిని ప్రభుత్వమునకును ఆటల ప్రసారమును గూర్చి వివాదము రాగా, 1995 ఫిబ్రవరి 9 వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఆకాశమునందలి ప్రసారతరంగములు ప్రజల ఆస్తియని, ప్రభుత్వమునకుగాని వర్తకులకుగాని గుత్తసొత్తు కాదని నిర్ణయించెను. ఆ తీర్పునిచ్చిన న్యాయమూర్తులలో పి. బి. సావంతు గారు ఒకరు. ఊరి చెఱువువలె, మేతబీడువలె గాలియు అందఱి సొత్తని తేలినది. 2000 జూలైలో హైదరాబాదున కొందఱు సమావేశమై, గ్రామసమాజములకు సొంత రేడియో కావలెనని ‘పస్తాపూరు ప్రకటన’ వెలువరించిరి. 2002 లో ప్రభుత్వమువారు విద్యాసంస్థలకు మాత్రము అనుమతినిచ్చిరి. 2006 నవంబరులో స్వచ్ఛందసంస్థలకును తలుపు తెఱచిరి. ఆ నిబంధనలలో, కార్యక్రమములలో సగమునకు తక్కువ గాకుండ స్థానికప్రజలే పాల్గొని తయారుచేయవలెనని విధించిరి. వార్తలను మాత్రము నిషేధించిరి.

ఈ పస్తాపూరు ఎచ్చట నున్నది? జహీరాబాదు పట్టణసమీపమున నున్నది. నాటి మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా. అచ్చట పి. వి. సతీశు గారు తమ సహచరులతో గూడి 1983 లో స్థాపించిన దక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ పేద దళితస్త్రీలను ఊరూర సంఘములుగా కూర్చి, జొన్న, సజ్జ, కొఱ్ఱ మొదలగు మెట్టపంటలను, పాతవిత్తనములను కాపాడు పని చేపట్టెను. సతీశు గారు 2023 లో గతించిరి. ఆ సంఘములలోని స్త్రీలు తమకు సొంత రేడియో కావలెనని కోరిరి. యునెస్కో సహాయముతో మాచనూరు గ్రామమున 1990 దశకము చివర నిలయము సిద్ధమయ్యెను. యంత్రమున్నది, పాడువారున్నారు, అనుమతి లేదు. ఇంచుమించు పదేండ్లు ఆ స్త్రీలు తమ మాటలను, పాటలను క్యాసెట్లలో పట్టి, సంఘపు సమావేశములకు తీసికొనిపోయి వినిపించిరి. 2008 అక్టోబరు 15 వ తేదీన, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రథమ గ్రామీణమహిళా దినమున, సంఘం రేడియో గాలికెక్కెను. ప్రారంభించినవారు, గాలి అందఱిదని తీర్పు చెప్పిన ఆ సావంతు గారే. నిలయమును నడపినవారు నర్సమ్మలను ఒకే పేరుగల ఇద్దఱు దళితయువతులు. ఒకామెను ‘జనరల్’ నర్సమ్మయనియు, వేఱొకామెను అల్గోలు నర్సమ్మయనియు లోకము ఎఱుగును.

ఆ నిలయపు యంత్రశక్తి 50 వాట్లు. నిజాము ప్రభుత్వము సరూర్‌నగరమున నిలిపిన యంత్రమునకు అది నూఱవ వంతు. మహబూబ్ అలీ గారి తొలియంత్రమునకే నాలుగవ వంతు. దాని తరంగములు మూడు మీటర్ల పై చిల్లర పొడవు గలవి. అవి తిన్నగా పోవునేగాని గుట్టలు దాటి వంగవు. కావున ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల లోపలి గ్రామములకే వినబడును. ఇది లోపమని తోచవచ్చును. నాకు ఇది గుణముగా తోచుచున్నది. దూరము పోవు యంత్రము అందఱికి నచ్చునట్లు మాట్లాడవలెను. దగ్గఱ వినబడు యంత్రము ఊరివారి యాసలోనే మాట్లాడవచ్చును. ఆరుద్రకార్తెలో ఏ విత్తనము ఎట్లు చల్లవలెనో చెప్పు ముసలమ్మయు, వానినే పాటగా కట్టి పాడు కూలిస్త్రీయు అందు గాయకులు, పండితులును. బొంగురుగొంతని వెనుదీయనక్కఱలేదు. వినువారు ఆ గొంతును ఎఱిగినవారే. పాట నడుమ దగ్గినను వినువారికి కోపము రాదు.

కాబట్టి దక్కన్ రేడియో మొదలు సంఘం రేడియో వఱకు గడచిన డెబ్బదియైదు సంవత్సరములను ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, పల్లె మొదట రేడియోకు వెలుపల నుండెను, పిదప రేడియోలో విషయమయ్యెను, తుదకు రేడియోకు యజమానియయ్యెను. మూడవ మెట్టు ఎక్కినది కొద్దిమంది మాత్రమే. ఆ మెట్టు ఎక్కించుట ఏ యొక్క సంస్థకును సాధ్యము కాదు. ఊరిపెద్దలు పూనుకొనవలెను.

2022 లో పన్నెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్య గారికి పద్మశ్రీ బిరుదము వచ్చినప్పుడు మనమందఱము సంతోషించితిమి. కాని బిరుదము వచ్చు వఱకు కిన్నెర యను వాద్యమొకటి కలదని మన పిల్లలలో ఎందఱికి తెలియును? మీ ఊరిలో శారదకథ చెప్పువారు, చిందు ఆడువారు, చిరుతల రామాయణము నేర్పినవారు, దంపుళ్లపాటలు పాడు వృద్ధస్త్రీలు ఎందఱున్నారో ఒక పట్టిక వ్రాయుడు. వారిని గౌరవముగా పిలిపించి, కూలి నష్టపోకుండ తగిన సంభావననిచ్చి, ఇంటిలోని చేతిఫోనులోనే వారి పాటను పట్టి యుంచుడు. పాడినవారి పేరు, ఊరు, ఆ పాట ఏ పనిలో, ఏ పండుగలో పాడుదురో మొదట చెప్పించి పట్టుడు. వారు పాడుచుండగా దిద్దకుడు. యాసను సరిచేయకుడు. మోటుమాట వచ్చినను ఆపకుడు. ఎచ్చట కుదించవలెనో తరువాతివారు నిర్ణయించుకొందురు. ఇంకొక మాట. పాట యిచ్చినవారికి తెలియకుండ దానిని ఇతరులు తమ పేర వాడుకొననీయకుడు. పొలమునకు పట్టా యున్నట్లే పాటకును యజమానులు గలరు.

పట్టి యుంచుటతోడనే పని ముగియదు. పెట్టెలో దాచిన విత్తనము మొలకెత్తదు. పాటను పాడించవలెను. బడి వార్షికోత్సవమున సినిమాపాటకు ముందు ఒక నాటుపాటకు చోటిండు. ఆ పాట నేర్పుటకు ఊరి వృద్ధురాలినే బడికి పిలువుడు. ఆమె బడిలోనికి గురువుగా అడుగిడిన దినమున ఆమెకు పోయిన గొంతు మరల వచ్చును. సమీపమున సమాజరేడియో యున్నచో ఆమెను అచ్చటకు తీసికొనిపొండు. లేనిచో మూడేండ్లు నడచిన నమోదైన సంఘము మీ ప్రాంతమున నున్నచో దానిచేత అనుమతికి దరఖాస్తు పెట్టించుడు.

మా మల్కాజ్‌గిరిలో నేడు నాటు వేయుటకు మడి లేదు. పొలముతో పోయిన పాటను తిరిగి తెచ్చుకొనుట మా తరము గాదు. మీ ఊళ్లలో ఇంకను మడి యున్నది, ముసలమ్మ యున్నది, పాట యున్నది. మా ఊరికి పట్టిన గతి మీ ఊళ్లకు పట్టకమునుపే మేలుకొనుడని ప్రార్థించుచున్నాను.